జొన్న మేలు ఎంత, కీడు ఎంత? నడిగడ్డ పళ్లెం చుట్టూ అరవై ఏళ్ల వాదన

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, అంటే నేటి జోగుళాంబ గద్వాల జిల్లాలో, కృష్ణ ఆవలి ఒడ్డున వనపర్తిలో, నల్లమలను ఆనుకున్న నాగర్‌కర్నూల్‌లో ఒకప్పుడు వరి అన్నం పండగ తిండి. రోజూ కడుపు నింపింది జొన్న. పొద్దున అంబలి, పనికాడికి రొట్టె, రాత్రికి గట్కో సంగటో. ఇప్పుడు ఆ వరస తలకిందులైంది. మూడు పూటలా అన్నం తినే ఇళ్లలో జొన్నరొట్టె మళ్లీ కనబడుతోంది, అదీ చాలాచోట్ల షుగరు వచ్చాక డాక్టరు చెబితేనే.

ఈ రాకపోకల మధ్య శాస్త్రం చెప్పిన మాటలు మాత్రం ఒకదానికొకటి పొసగవు. 1960లో హైదరాబాదు పరిశోధకులు జొన్నను ఒక ఘోరమైన జబ్బుతో ముడిపెట్టారు. 1970ల్లో నల్లగొండ యువకుల వంకర కాళ్ల విషయంలో అనుమానం మళ్లీ దాని మీదికే పోయింది. 2021లో అదే హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరు నుంచి, చిరుధాన్యాలు తింటే రక్తంలో చక్కెర తగ్గుతుందని పెద్ద సమీక్ష వెలువడింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్న గింజ మారలేదు. మారింది దాన్ని తినే మనిషి, పక్కన ఏం తింటున్నాడన్నది. ఈ రెండింటినీ వదిలేసి గింజ గుణాన్ని మాత్రమే వాదించడం వల్లే చర్చ ఇంత చిక్కుపడింది.

జొన్న ఎందుకు పక్కకు పోయింది

2016 అక్టోబరు 11న విడిపోకముందు ఈ మూడు జిల్లాలూ పాలమూరులో, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. వాన తక్కువ, వలస ఎక్కువ అని పేరుపడ్డ నేల. చెల్కల్లో వానకాలం పచ్చజొన్న, కందితో కలిపి సాళ్లు. అలంపూర్, గద్వాల రేగళ్లలో యాసంగి తెల్లజొన్న, నేలలో మిగిలిన తేమ మీదే పండేది. షోలాపూర్ జిల్లా మొహోల్‌లో ఎంపికైన మాల్దండి రకం దక్కన్ రేగళ్లన్నిటికీ పాకింది. గింజ మనుషులకు, చొప్ప పశువులకు. తొలి ఏకాదశికి పేలపిండి, కంకి పాలు పోసుకున్నాక ఊచబియ్యం.

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. ఆకలి తీర్చడంలో ఆ పథకం చేసిన మేలును తక్కువ చేయడానికి వీల్లేదు. కానీ పేదింటి పళ్లెంలో గింజ మారడానికి అదే పెద్ద మలుపు. తర్వాత జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి నీళ్లొచ్చాయి. నీళ్లొచ్చిన చోట వరి, గద్వాలలో విత్తన పత్తి, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో వేరుశనగ జొన్న చేలను ఆక్రమించాయి. పిట్టల కావలికి మనుషులు దొరకరు, కోత కూలి గిట్టదు.

ఆడవాళ్ల శ్రమ కూడా ఈ లెక్కలో ఉంది. జొన్నపిండిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి అది గోధుమపిండిలా సాగదు. మరిగే నీళ్లు పోసి, మర్దించి, ఒక్కొక్క రొట్టెనూ చేత్తో కొట్టి, పెనం మీద తడి అద్ది కాల్చాలి. ఇంటిల్లిపాదికీ అలా చేసి పొలానికి పరుగెత్తే మనిషికి కుక్కరులో అన్నం పెద్ద ఊరట. పాత తిండిని పొగిడే వ్యాసాలు ఈ మాటను ఎప్పుడూ దాటేస్తాయి.

పెల్లాగ్రా: మొదటి నేరారోపణ

మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు రాలడం, విరేచనాలు, చివరికి మతి చలించడం. 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ వర్ణించిన ఈ జబ్బు మొక్కజొన్న మీదే బతికే పేదలది. అంటువ్యాధి కాదు, తిండి లోపమేనని అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ నిరూపించాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెహెమ్ దాని మందును గుర్తించాడు. అది నియాసిన్ అనే బి విటమిన్. మొక్కజొన్నలో ఆ విటమిన్ ఒంటికి అందని రూపంలో బిగుసుకొని ఉంటుంది. శరీరం నియాసిన్‌ను తయారు చేసుకోవడానికి వాడే ట్రిప్టోఫాన్ కూడా దానిలో తక్కువ.

హైదరాబాదు చిక్కు ఇక్కడే మొదలైంది. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు మారిన పోషకాహార పరిశోధనశాల (1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ) శాస్త్రవేత్తలకు ఎదురైన పెల్లాగ్రా రోగులు మొక్కజొన్న తినేవాళ్లు కారు. దక్కన్ పీఠభూమి జొన్న కూలీలు. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో అంత తక్కువేమీ కాదు. మరి జబ్బెందుకు? సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ఒక జవాబిచ్చారు. జొన్న మాంసకృత్తుల్లో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉంది, అది ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారయ్యే దారికి అడ్డుపడుతోంది అని. కుక్కలకు ల్యూసిన్ పెట్టి అలాంటి జబ్బు తెప్పించారు. ఐసోల్యూసిన్ ఇస్తే రోగులు కోలుకుంటున్నారని కమలా కృష్ణస్వామి, గోపాలన్ చూపించారు. ల్యూసిన్ తక్కువున్న జొన్న రకాల కోసం విత్తన నిల్వలను గాలించడం దాకా వెళ్లింది సంగతి.

అందరూ ఒప్పుకోలేదు. జపాన్‌లో యువకుల మీద చేసిన పరీక్షల్లో ల్యూసిన్ ప్రభావం కనబడలేదు. 1978లో మాన్సన్, కార్పెంటర్ కుక్కల మీద అదే ప్రయోగం మళ్లీ చేస్తే హైదరాబాదు ఫలితం రాలేదు. లండన్‌లో డేవిడ్ బెండర్ బృందం ఎలుకల మీద చేసిన పనిలో మాత్రం, నియాసిన్ అసలే అంతంతమాత్రంగా అందుతున్నప్పుడు ల్యూసిన్ దెబ్బ తీయగలదని తేలింది. అంటే ల్యూసిన్ ఒంటరిగా జబ్బు తెస్తుందన్న మాట నిలవలేదు, దానికి పాత్రే లేదన్న మాటా నిలవలేదు. బి6 విటమిన్ లోపం తోడైతే సంగతి ముదురుతుందని హైదరాబాదు బృందమే తర్వాత చెప్పింది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో పెల్లాగ్రా దాదాపు కనుమరుగైంది. జొన్న తగ్గింది కాబట్టా? కూలీ ఇంట్లోకి కాస్త పప్పు, పాలు, గుడ్డు వచ్చాయి కాబట్టా? రెండూ ఒకేసారి జరిగాయి గనుక విడదీసి చెప్పడం కష్టం. కానీ ఒక సంగతిని ఎవరూ కాదనలేదు. పెల్లాగ్రా జొన్న తినేవాళ్లందరికీ రాలేదు. జొన్న తప్ప మరేదీ దొరకని వాళ్లకు వచ్చింది. ఈ వ్యాసకర్త దృష్టిలో ఆ పరిశోధన మొత్తంలో అన్నిటికంటే విలువైన ఆధారం ఇదే.

నల్లగొండ మోకాళ్లు

ఫ్లోరోసిస్‌ను 1937లోనే మద్రాసు రాష్ట్రపు తెలుగు పల్లెల్లో గుర్తించారు. 1973లో కె.ఎ.వి.ఆర్.కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండలో కొత్త రూపాన్ని చూశారు. మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంకరపోవడం, ఎముకలు పలచబడడం. బాధితుల్లో ఎక్కువమంది జొన్న తినే పేద ఇళ్ల యువకులు. జొన్న ఆహారం మీద ఉన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ నిలవడం వరి ఆహారం మీద కంటే ఎక్కువని 1977లో లక్ష్మయ్య, శ్రీకాంతియా కొలిచి చూపారు. జొన్నలోని మాలిబ్డినం వల్ల మూత్రంలో రాగి ఎక్కువగా పోతోందని అంతకుముందే, 1974లో, వై.జి.దేవస్థలే, గోపాలన్ రాశారు. నాగార్జునసాగర్ జలాశయం ఊట వల్ల నేల స్వభావం మారి గింజలో మాలిబ్డినం పెరిగిందన్న వాదన కూడా ఆ రోజుల్లో బలంగా వినిపించింది.

ఈ అధ్యాయం మీద ఇప్పుడు పెద్ద వివాదం లేదు. విషం నీళ్లలోది. ఫ్లోరైడ్ లేని నీళ్లు తాగే మనిషికి జొన్న వల్ల ఆ జబ్బు రాదు. పాలమూరులోనూ ఫ్లోరైడ్ ఊళ్లు ఉన్నాయి కాబట్టి, బోరు నీళ్లు తాగే చోట మొదట నీళ్లు సరిచేయాలి, తిండి సలహా ఆ తర్వాత.

షుగరు వాదన: కొత్త కీర్తి ఎంత నిజం

ఇప్పుడు జొన్నను నిలబెడుతున్న వాదం ఇదే. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నాయకత్వంలో 2021లో వచ్చిన సమీక్ష 11 దేశాల్లో జరిగిన 80 అధ్యయనాలను పరిశీలించి, 65 అధ్యయనాల అంకెలను కలిపి లెక్కగట్టింది. షుగరు ఉన్నవాళ్లు రోజువారీ తిండిలో చిరుధాన్యాలు చేర్చుకుంటే రక్తంలో చక్కెర సగటున 12 నుంచి 15 శాతం తగ్గిందని, చిరుధాన్యాల సగటు గ్లైసీమిక్ సూచి (తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే కొలత) 52.7 అని, అది పాలిష్ బియ్యం, మైదాల కంటే సుమారు 36 శాతం తక్కువని తేల్చింది. రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్య పరిశోధన సంస్థ కూడా జొన్న వంటకాలను బియ్యం, గోధుమ వంటకాలతో పోల్చి అలాంటి దిశనే చూపింది.

అంకెలు గట్టివే. కాని చదవడంలో రెండు జాగ్రత్తలు. మొదటిది, ఆ సగటు జొన్న ఒక్కదానిది కాదు. కొర్ర, ఊద, సజ్జ, రాగి లాంటి 11 రకాల ధాన్యాలను కలిపిన లెక్క. కొన్ని తక్కువ సూచి, కొన్ని మధ్యస్థం. రెండోది, పోలిక దేనితో అన్నది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో పీచు 10.2 గ్రాములు, పాలిష్ బియ్యంలో 2.8, గోధుమపిండిలో 11.4. ఇనుము జొన్నలో 3.95 మిల్లీగ్రాములు, బియ్యంలో 0.65, గోధుమపిండిలో 4.1. మాంసకృత్తులు వరసగా 10, 7.9, 10.6 గ్రాములు. పట్టిక తెరిస్తే తెలిసేదేమిటంటే, జొన్న గెలిచింది తెల్ల బియ్యం మీద. ముడి గోధుమపిండి చపాతీ తినేవాళ్లకు జొన్నరొట్టెతో వచ్చే తేడా చిన్నది. పాలమూరు మనిషి మూడు పూటలా తినేది తెల్ల బియ్యమే కాబట్టి ఇక్కడ ఆ తేడా పెద్దదే. ఉత్తరాది పట్టణవాసికి చెప్పే సలహానూ గద్వాల కూలీకి చెప్పే సలహానూ ఒకే గాటన కట్టడం సరికాదు.

బరువు తగ్గుతుందన్న ప్రచారానికి ఆధారం ఇంకా పలచన. 100 గ్రాముల జొన్నపిండిలో 334 క్యాలరీలు, అంతే బియ్యంలో 356. కడుపు నిండినట్టుండి కాస్త తక్కువ తింటే మేలు జరగొచ్చు. నాలుగు రొట్టెలు తిన్న పూట క్యాలరీల లెక్క మాత్రం మారదు.

ఒకే ముడి, రెండు ఫలితాలు

జొన్న మీది పొగడ్తా నిందా రెండూ పుట్టేది గింజలోని ఒకే చోటు నుంచి. జొన్న మాంసకృత్తుల్లో ప్రధానమైనది కాఫిరిన్. వండినప్పుడు అది బిగుసుకుపోయి, జీర్ణరసాలకు లొంగదు. పిండిపదార్థం చుట్టూ అల్లుకొని దాన్నీ మెల్లగా అరిగేలా చేస్తుంది. చక్కెర నెమ్మదిగా రక్తంలోకి వెళ్లడానికి పీచుతో పాటు ఇదొక కారణం.

ఇదే సంగతిని ఎదిగే పిల్లల వైపు నుంచి చూస్తే కథ వేరు. 1981లో పెరూ రాజధాని లిమాలో పసిపిల్లలకు ఉడికించిన జొన్న పెట్టి కొలిస్తే, మాంసకృత్తుల్లో ఒంటపట్టింది 46 శాతమే. లైసిన్ అనే అమైనో ఆమ్లం కూడా జొన్నలో తక్కువ. రెండేళ్ల తర్వాత అదే బృందం పైపొర తీసి, యంత్రంలో వేడి ఒత్తిడితో తయారు చేసిన జొన్న పెడితే అది 81 శాతానికి పెరిగింది. సూడాన్‌లో పులియబెట్టిన జొన్న జావ పిల్లలకు పెట్టే పద్ధతిని పరిశీలించిన పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జాన్ ఆక్స్‌టెల్ బృందం, పులియబెడితే అరుగుదల మెరుగవుతుందని చూపింది. రాత్రి నానబెట్టి పొద్దునకు పులిసిన అంబలి విలువ ఈ వెలుగులో చూస్తే పెరుగుతుంది. కంది, పెసరల్లో లైసిన్ దండిగా ఉంటుంది. రొట్టె పక్కన పప్పు ఉంటే ఆ లోటు పూడుతుంది. పల్లీల చట్నీ కమ్మగా ఉంటుంది గాని లైసిన్ విషయంలో పప్పుకు సాటిరాదు.

ఇంతకూ యాభై ఏళ్లు దాటి షుగరుతో ఉన్న మనిషికి మేలు చేసే గుణమే, బక్కచిక్కిన రెండేళ్ల బిడ్డకు సరిగా వండకపోతే కొరత అవుతోంది. "జొన్న మంచిదా?" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు రాకపోవడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

రక్తహీనత

తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. చిరుధాన్యాలు క్రమంగా తింటే హిమోగ్లోబిన్ సగటున 13.2 శాతం పెరిగిందని ఇక్రిశాట్ బృందం 2021లోనే మరో సమీక్షలో రాసింది. అవతలి వాదం గింజలో ఉండే ఫైటేట్లు అనే పదార్థాల గురించి. జొన్నలో ఇనుము ఉన్నా ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి, ఒంటికి అందేది కొంతే. నానబెట్టడం, పులియబెట్టడం, నిమ్మకాయో పుంటికూరో వంటి పులుపు, తిన్న వెంటనే చాయ తాగకపోవడం ఆ పట్టును సడలిస్తాయి. 2018లో విడుదలైన పర్భణి శక్తి రకంలో ఇనుము, జింకు మోతాదు పెంచారు. అది మహారాష్ట్ర కోసం వచ్చిన రకం. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం జొన్న మీద ఏళ్లుగా పనిచేస్తోంది. ఇనుము దండిగా ఉన్న రకం ఈ నేలకు రావాలంటే ఆశ పెట్టుకోవలసింది అక్కడే.

పొలంలో తెలిసిన ప్రమాదాలు

లేత జొన్న, కోశాక వచ్చే పిలకలు, బెట్టకు వాడిన పైరు మేసిన పశువు గిలగిల కొట్టుకుంటుందని రైతులందరికీ తెలుసు. దాన్నే నాము అంటారు. కారణం పైరులోని డురిన్ అనే పదార్థం నుంచి పుట్టే సైనైడ్. పండిన గింజలో ఆ భయం లేదు. కానీ మొలకెత్తిన జొన్నలో డురిన్ తిరిగి తయారవుతుంది. మొలకల మోజులో పెసలతో పాటు జొన్న మొలకలను పచ్చిగా తినడం కూడదు. ఎండబెట్టి, మొలక తీసేసి, వేయించి ఉడికించిన పిండి వేరు.

బూజు సంగతి ఇంకా దగ్గరిది. 1995లో కోతల వేళ అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన జొన్న, మొక్కజొన్న తిన్న దక్కన్ పల్లెల్లో జనం కడుపునొప్పి, విరేచనాలతో పడిపోయారు. బూజు వదిలిన ఫ్యుమోనిసిన్ అనే విషం కారణమని జాతీయ పోషకాహార సంస్థ తేల్చింది. తడిసిన గింజను అమ్ముకోలేక ఇంటికి ఉంచుకునేది పేదవాడే. యాసంగి తెల్లజొన్నకు ఈ బెడద తక్కువ, ఎండలో ఆరుతుంది గనుక.

ఏ వాదం ఎక్కడ నిలుస్తుంది

చిరుధాన్యాల పక్షం పాలిష్ బియ్యంతో పోల్చినంత వరకు గట్టిగా నిలబడుతుంది. షుగరు, మలబద్ధకం ఉన్నవారికి, గ్లూటెన్ పడని సీలియాక్ రోగులకు జొన్న నిజంగా పనికొస్తుంది. గుండె జబ్బులు, క్యాన్సర్లు మాయమవుతాయని పొట్లాల మీద రాసేదానికి అంత బలం లేదు. ఇక జొన్న బిస్కెట్టులో మైదా, చక్కెర ఎంత ఉన్నాయో చూడకుండా దాన్ని జొన్నరొట్టెతో జమకట్టడం తప్పు.

పోషకాహార శాస్త్రజ్ఞుల అనుమానపక్షం జొన్న ఒక్కటే తిండిగా ఉన్న కాలానికి సరైనది. నేటి పళ్లెంలో జొన్న ఒక పూటది. ఆనాటి భయాలను దానికి అంటగట్టలేం. అలాగని ఆ పరిశోధనను పాతబడిందని పారేయలేం. ఏ ధాన్యమైనా ఒంటరిగా మిగిలితే ఏమవుతుందో హైదరాబాదు నేర్పినంత స్పష్టంగా మరెవరూ నేర్పలేదు.

మూడో పక్షం ప్రశ్ననే మార్చింది. జహీరాబాద్‌లో పి.వి.సతీశ్, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 1990ల్లోనే బీడు భూముల్లో జొన్న పండించి, ఊరి నిల్వగా ఉంచి పేదలకు చౌకగా పంచారు. జొన్న గుణం మీద తర్కం కంటే జొన్న ఎవరికి అందుతోందన్నది పెద్ద ప్రశ్న అన్నారు వాళ్లు. ఈ సమీక్షకు ఆ మాటే అన్నిటికంటే సబబుగా కనిపిస్తోంది.

తేలవలసినవి

శాస్త్రం వైపు మిగిలినవి మూడు. ల్యూసిన్ పాత్ర మీద చివరి మాట రాలేదు, పెల్లాగ్రాయే పోవడంతో దాన్ని వెతికే ఆసక్తీ పోయింది. జొన్న అధ్యయనాల్లో చాలావాటి నిడివి వారాలు, నెలలే, ఏళ్ల తరబడి తింటే షుగరు రాకుండా ఆగుతుందా అన్నది ఇంకా తెరిచి ఉన్న ప్రశ్న. పచ్చజొన్న, తెల్లజొన్న, రొట్టె, గట్క, అంబలి మధ్య తేడాలను ఇక్కడి వంట పద్ధతిలోనే విడివిడిగా కొలవాలి.

ప్రభుత్వం వైపు ప్రశ్న ధరది. 2013 ఆహార భద్రత చట్టం ముతక ధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వవచ్చని రాసింది. సరిహద్దు అవతల కర్ణాటక రేషన్‌లో జొన్న ఇచ్చిన అనుభవం ఉంది. తెలంగాణ 2025 ఉగాది నాడు సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టింది, మనిషికి ఆరు కిలోలు, ఉచితంగా. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు సాధారణ వరికి 2,369 రూపాయలు, మాల్దండి జొన్నకు 3,749. కాగితం మీద జొన్నదే పైచేయి, కొనుగోలు కేంద్రం లేని చోట ఆ అంకె రైతుకు అక్కరకు రాదు. ఆ ఆరు కిలోల్లో ఒకటి రెండు కిలోలు జొన్నగా తీసుకునే వీలు కార్డుదారుకు ఇచ్చి, ఆ జొన్నను నడిగడ్డ రేగళ్ల రైతు దగ్గరే కొంటే ఎంత ఖర్చు, ఎంతమంది తీసుకుంటారు, వాళ్ల షుగరు, హిమోగ్లోబిన్ ఎలా మారతాయి అన్నవి ఒకటి రెండు మండలాల్లో రెండేళ్లు నడిపి చూడదగ్గ పని. పిండి మర ఖర్చు, రొట్టె కొట్టే చేతుల కష్టం కూడా ఆ లెక్కలోకి రావాలి.